ఏ సినిమాలోదండీ ఈ పాట?

మేం పెరిగే రోజుల్లో మా కోనసీమలో పాట అంటే సినిమా పాటే. పెళ్లి పందిట్లో మైకుసెట్టు కుర్రాడు వేసేది అదే. రావులపాలెం బస్సులో డ్రైవరు నెత్తి మీద స్పీకర్లోంచి వచ్చేదీ అదే. వినాయకచవితికి పందిరేస్తే పొద్దున్నే రెండు భక్తి పాటలు అయ్యాయనిపించి, పదింటికల్లా చిరంజీవిలోకి దిగిపోయేవాళ్లు. రేడియోలో లలిత గీతాలు వచ్చేవి గానీ, అవి మా లెక్కలో పెద్దవాళ్ల వ్యవహారం. కుర్రాళ్లు చెవి కోసుకునే పాటకి ఒక హీరో ఉండాలి, హాల్లో కాగితాలు ఎగరెయ్యడానికి ఒక సందర్భం ఉండాలి.

అందుకే 'ఓ సనమ్' మా ఇంట్లో మోగిన మొదటి రోజుల్లో విన్నవాళ్లందరూ ఒకటే ప్రశ్న అడిగారు. ఏ సినిమాలోదిరా ఇది?

ఏ సినిమాలోదీ కాదు. లక్కీ అలీ అనే ఆయన 1996లో చేసిన 'సునో' ఆల్బమ్‌లోది. అసలు ఆ క్యాసెట్ మా ఇంటికి ఎలా చేరిందో చెప్పాలంటే ముందు తుపాను సంగతి చెప్పాలి.

1996 నవంబరు 6, బుధవారం. మా ఊరు అమలాపురానికీ ముమ్మిడివరానికీ మధ్యన ఉంటుంది. పగలంతా ముసురు, సాయంత్రానికి గాలి. తుపాన్లు మాకు కొత్త కాదు కాబట్టి అమ్మ లాంతరు గాజు తుడిచి, బియ్యం డబ్బా మంచం మీదకి ఎక్కించి, అన్నాలు తొందరగా పెట్టేసింది. చీకటి పడ్డాక వచ్చిన గాలి మాత్రం అంతకుముందు ఎప్పుడూ ఎరిగింది కాదు. పెంకులు లేచిపోతుంటే ఇంట్లోవాళ్లమంతా మధ్యగదిలో చేరాం. నడిరాత్రి ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని నాన్నగారు తలుపు తీయబోతే మామ్మ ఒప్పుకోలేదు. "తియ్యకు, మళ్లీ అటునుంచి కొడుతుంది" అంది. అన్నట్టే ఇంకో దిక్కు నుంచి కొట్టింది.

తెల్లారాక పెరట్లోకి వెళ్తే పక్కూరి గుడి గోపురం కనబడింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ పెరట్లో తిరిగినా అక్కడినుంచి గోపురం కనబడుతుందని నాకు తెలీదు. మధ్యలో అంత కొబ్బరితోట అడ్డం ఉండేది మరి. ఇప్పుడు చెట్లన్నీ ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి, కొన్ని మొవ్వు తిరిగిపోయి మొండాలై నిలబడ్డాయి. బోదెల నిండా కాయలు తేలుతున్నాయి. సముద్రం ఒడ్డునున్న ఊళ్ల సంగతి మాకు రెండు మూడు రోజులకి గానీ తెలీలేదు. భైరవపాలెం నుంచి వేటకెళ్లినవాళ్లు ఎంతమందో తిరిగి రాలేదు. మొత్తం మీద వెయ్యి మందికి పైనే పోయారు. మాకు పోయింది తోటే. అందుకని ఎవరి దగ్గరా మా కష్టం చెప్పుకోవడానికి నోరొచ్చేది కాదు. నాలుగు రోజులకి దీపావళి వస్తే ఊళ్లో ఒక్క టపాకాయ పేలలేదు.

కరెంటు స్తంభాలు నేలకూలాయి కనుక కరెంటు ఇప్పట్లో రాదని అందరికీ తెలుసు. బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, ఆ రోజుల్లోనే వచ్చాడు. రావులపాలెం దాకా బస్సు, అక్కణ్ణుంచి దొరికిన లారీ, ఆఖర్న కాలవ గట్టెంబడి నడక. సంచిలో కొవ్వొత్తులు, బిస్కెట్లు, జ్వరం మాత్రలు, డజను పెద్ద సెల్లులు తెచ్చాడు. టార్చిలైటుకని తెచ్చిన ఆ సెల్లుల్లో సగం నేను, అన్నయ్య కలిసి మస్కట్ మావయ్య ఇచ్చిన టూ-ఇన్-వన్‌లో, అదే, రేడియో, టేపు రెండూ ఉన్న పెట్టెలో, వేసేశాం. పైకి వార్తలు వినడానికి. అసలు సంగతేమిటంటే సంచి అడుగున ఒక క్యాసెట్ ఉంది.

సెల్లులు తొందరగానే వీకయ్యాయి. వాటిని తీసి మధ్యాహ్నం పూట చూరు కింద ఎండలో వరసగా పేర్చేవాళ్లం. ఎండ తగిలితే ఇంకో రెండు పాటలకి సరిపడా ప్రాణం వచ్చేది. వీకైన సెల్లుల మీద టేపు నెమ్మదిగా తిరిగి గొంతు సాగిపోతుందని తెలిసిందే కదా. లక్కీ అలీ గొంతు నేను మొదట విన్నది అలాగే, సాగి, బరువెక్కి, ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు. తర్వాత కరెంటు మీద సరైన స్పీడులో విన్నప్పుడు చూస్తే, అసలు గొంతు కూడా దాదాపు అంతే. ఆయనకి తొందర లేదు. పదం చివర్న కాస్త కూర్చుని లేచి వెళ్తాడు.

తోటలో పడిన చెట్లు కొట్టడానికి వచ్చిన దింపు కార్మికులు మధ్యాహ్నం మా అరుగు మీద అన్నాలు తినేవారు. వాళ్లలో ఒకాయనకి పాటల పిచ్చి. ఒకరోజు చెయ్యి కడుక్కుంటూ అడిగాడు.

"ఏ సినిమాలోదండీ అబ్బాయిగారూ ఈ పాట?"

"సినిమాలోది కాదండి. ఉత్తినే పాడాడు."

"సినిమా లేపోతే మరెందుకు పాడినట్టండీ?"

ఆయన ఎగతాళికి అడగలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. పక్కింటి అత్త మాత్రం కువైట్లో కొన్నేళ్లు ఇంటిపని చేసి వచ్చిన మనిషి, ఈ గొంతు వినగానే పనాపేసి వచ్చి నిలబడింది. "మేం పనిచేసినాళ్ల కారులో ఇలాటియ్యే వచ్చేయి వదినా" అంది అమ్మతో. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ఆ సాగదీత ఆవిడ పట్టేసింది. అది హిందీ పాట అని చెప్తే నమ్మలేదు కూడా.

నాన్నగారికి ఈ సినిమా గొడవే వింతగా అనిపించింది. "ఘంటసాల పుష్పవిలాపం ఏ సినిమాలోదిరా? ప్రైవేటు రికార్డే కదా. ఊరూరా మోగలేదూ?" అన్నారు. న్యాయమే. మా ముందు తరం సినిమా లేని పాటని పాటగా ఒప్పుకుంది, మేమే హీరో లేకపోతే వినలేని స్థితికొచ్చాం. ఆ తర్వాత ఆయన మా వైపు వాళ్లందరూ వేసే ప్రశ్న వేశారు. "ఇంతకీ ఎవరబ్బాయి?"

అన్నయ్య చెప్పాడు, హాస్యనటుడు మహమూద్ కొడుకని. నాన్నగారు మంచం మీద లేచి కూర్చున్నారు. మనకి రేలంగి, రాజబాబు ఎలాగో ఆ కాలం హిందీ సినిమాకి మహమూద్ అలాగ. 'పడోసన్'లో పిలక పెట్టుకుని మద్రాసు సంగీతం మాస్టారుగా వేసిన వేషం గురించి ఆ సాయంత్రమంతా చెప్పారు. కరెంటు లేని ఇంట్లో, లాంతరు ముందు, పిలక ఎలా ఊగుతుందో తల ఊపి చూపించారు. తుపాను వెళ్లాక ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

లక్కీ అలీ కథ మిగతాది నేను తర్వాత్తర్వాత ఇంటర్వ్యూల్లో, పత్రికల్లో చదివి ఏరుకున్నదే. అసలు పేరు మక్సూద్ మహమూద్ అలీ. పుట్టింది 1958లో, బొంబాయిలో. మహమూద్ ఎనిమిది మంది పిల్లల్లో రెండోవాడు. తల్లి నటి మీనాకుమారికి స్వయానా చెల్లెలు. ఇంత సినిమా కుటుంబంలో పుట్టినవాడు, చిన్నప్పుడే తండ్రితో తెర మీద కనిపించినవాడు, హాయిగా అక్కడే స్థిరపడొచ్చు. కానీ చిన్నప్పుడే హాస్టల్ స్కూళ్లకి పంపేశారు. సెలవలకి వస్తే ఎయిర్‌పోర్టుకి తండ్రి వచ్చాడట, కుర్రాడు గుర్తుపట్టలేదట. సినిమాల్లో వేసే మహమూద్ అని గుర్తుపట్టాడు గానీ నాన్న అని గుర్తుపట్టలేదు. ఇది ఆయనే చెప్పుకున్న సంగతి. ఆ సంగతి చదివాక ఆయన పాటల్లో ఎప్పుడూ ఎవరో ఎక్కడికో బయల్దేరుతూనే ఎందుకుంటారో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పెద్దయ్యాక రెండు మూడు సినిమాల్లో వేశాడు. శ్యామ్ బెనెగల్ 1985లో తీసిన 'త్రికాల్'లో ఉన్నాడు. నిలదొక్కుకోలేదు, నిలదొక్కుకోవాలని పెద్దగా ప్రయత్నించినట్టూ లేదు. గుర్రాలు పెంచాడు, తివాచీలు శుభ్రం చేసే పని చేశాడు, ఆయిల్ రిగ్గు మీద పని చేశాడు. ఈ ఆఖరిది చదివినప్పుడు నాకు ఆయన ఒక్కసారిగా మా ఊరి మనిషయిపోయాడు. కోనసీమలో పుట్టి రిగ్గు ఎరగనివాళ్లుండరు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే లోపలి గ్యాసు ఎగదన్ని అంటుకుని, ఆ మంట 65 రోజులు ఆరలేదు. రాత్రిపూట మా డాబా మీద నుంచి ఆ దిక్కున ఆకాశం ఎర్రగా కనిపించేది. ఆ మంట చూడ్డానికి మేము సైకిళ్లేసుకుని వెళ్తే పోలీసులు మధ్యలోనే తిప్పి పంపేశారు. హెల్మెట్లు పెట్టుకుని, నూనె మరకల బట్టలతో అమలాపురం బస్టాండులో టీ తాగే రిగ్గు కుర్రాళ్లలో ఒకడు ఓ పదేళ్లకి గిటారు పట్టుకుని టీవీలో కనిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకునేవాణ్ని.

మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆయనకి 38 ఏళ్లు. మన దగ్గర ఆ వయసుకి గాయకుడన్నవాడు వెయ్యి పాటలు పాడేసి ఉంటాడు. సంగీతం ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పాటలకి మాటలు ఎక్కువగా రాసింది సయ్యద్ అస్లమ్ నూర్ అనే మిత్రుడు. సంగీతాన్ని కూర్చి, రికార్డు చేసి పెట్టింది బావమరిది మైకీ మెక్‌క్లియరీ. ఈ మైకీ పుట్టింది మన మద్రాసులో, పెరిగింది న్యూజీలాండ్‌లో. అంటే పెద్ద స్టూడియో, నూరుమంది వయొలిన్లు, పేరున్న సంగీత దర్శకుడు ఏమీ లేవు. ఇంటి మనిషి, స్నేహితుడు, తను.

ఆ పాటల్లో ఉన్నది ఏ సంగీతమో ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. గిటారు పాశ్చాత్య జానపదంలా నడుస్తుంది, వెనక డ్రమ్ములు రాక్ పద్ధతి. మాటలేమో సులువైన ఉర్దూ. ఆలపించే తీరు దర్గాలో కూర్చున్న ఫకీరుది. ఇవన్నీ తెచ్చి అతికిస్తే అతుకులు కనపడాలి కదా, కనపడవు. ఆయనకి ఇవి వేర్వేరు అని తెలిసినట్టే ఉండదు. ఆ తర్వాత ఫ్యూజన్ పేరుతో వచ్చిన చాలావాటిలో తబలా వచ్చేటప్పుడు 'ఇదుగో తబలా', గిటారు వచ్చేటప్పుడు 'ఇదుగో గిటారు' అని చేటంత బోర్డు పెట్టి వాయించేవారు. నాకు వాటితో ఎప్పుడూ పొసగలేదు.

మా ఊళ్లో పిల్లలకి సంగీతం చెప్పే మాస్టారొకరు ఉండేవారు. వీణ, గాత్రం. ఆయన కాస్త విని ముక్కు చిట్లిస్తారని సరదాకి తీసుకెళ్లి వినిపించాను. పూర్తిగా విన్నారు. "శ్రుతిలోనే ఉన్నాడు. గమకం లేదు, ముక్కుతో పాడుతున్నాడు. ఎవరి దగ్గరా నేర్చుకున్నట్టు లేదు" అన్నారు. "మీరు నేర్పిస్తారేంటండి?" అన్నాను. "ఆయ్, వద్దులే. నేర్పితే చెడిపోతాడు" అన్నారు.

కరెంటు వచ్చాక టీవీ వచ్చింది. మా కేబుల్ ఆయన ఈటీవీ, జెమినీ తర్వాత మిగిలిన బటన్లలో చానెల్ వి కూడా ఇచ్చేవాడు, కొన్నాళ్లు తీసేసేవాడు, గొడవ చేస్తే మళ్లీ ఇచ్చేవాడు. అందులో చూశాం ఆ వీడియో. మహేశ్ మథాయ్ తీశాడు, ఈజిప్టులో. పిరమిడ్లు, ఇసుక, పాత వీధులు, మాసిన గడ్డంతో ఒక మనిషి. ఒక్క స్టెప్పు వెయ్యడు. కెమెరా వంక కూడా సరిగ్గా చూడడు. ఇంటిల్లిపాదీ చూస్తుంటే పక్కింటి అత్త "నేను చెప్పలా, అరబ్బులదే" అంది. ఈసారి ఎవరూ కాదనలేకపోయాం.

అది ప్రైవేటు ఆల్బమ్‌లకి మంచి కాలం. బాబా సెహగల్ అప్పటికే ర్యాప్ పాడి దూరదర్శన్‌లో ఇంటింటికీ తెలిసిపోయాడు. 1995లో అలీషా చినాయ్, 96లో హరిహరన్, లెస్లీ లూయిస్‌ల 'కలోనియల్ కజిన్స్'. మన తెలుగులో ఆ గాలి కాస్త ఆలస్యంగా తగిలింది. వీళ్లందరిలో పెద్ద గొంతులున్నాయి, మెరుపులున్నాయి. ఏమీ అమ్మజూపనట్టు కనిపించింది మాత్రం ఈయనొక్కడే. అది కూడా ఒక రకం అమ్మకమే అని అన్నయ్య అంటాడు, నేనొప్పుకోను.

క్యాసెట్ షాపు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. అమలాపురం గడియార స్తంభం సెంటర్‌కి దగ్గర్లో ఒక చిన్న కొట్టు ఉండేది. వెడల్పు ఒక బల్లంత, లోపల గోడల నిండా క్యాసెట్లు. ఓనర్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు. మనక్కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి రెండు రోజులకి ఇచ్చేవాడు. కాగితం చూసి మన రుచి మీద ఒక వ్యాఖ్య ఉచితం. 'సునో' తెప్పించమంటే "ఇక్కడ కదలదు బాబూ, హిందీలో సినిమా పాటలే అంతంతమాత్రం" అన్నాడు. సరే, మా దగ్గరున్నది ఇచ్చి అన్నయ్య బొంబాయి పట్టుకుపోవడానికి ఇంకో కాపీ చేయమన్నాం.

ఆ రెండు రోజులు వారమయ్యాయి. వెళ్లేసరికి బాబాయ్ లోపల అదే పాట మోగుతోంది. ఇద్దరు ఇంటర్ కుర్రాళ్లు నిలబడి వింటున్నారు. మాది మాకిచ్చాడు, కాపీ ఇచ్చాడు. ఇంటికొచ్చి వింటే రెండూ కాపీలే. అట్టపెట్టెలో కాగితం ఒరిజినల్‌దే, లోపల తిరిగేది మాత్రం టీడీకే కంపెనీ ఖాళీ క్యాసెట్. అన్నయ్య వెళ్లి అడిగితే బాబాయ్ ఏమాత్రం తొణక్కుండా, "మీరిచ్చిందాంట్లో టేపు నలిగిపోయింది బాబూ, మీకు కొత్తదాన్లో ఎక్కించి ఇచ్చాను, డబ్బులు కూడా తీసుకోలేదు" అన్నాడు. కొట్టు చేతిలో ఉన్నవాడితో ఏం వాదిస్తాం! మా ఒరిజినల్ చాలా ఏళ్లు ఆ కొట్లోనే ఉంది, అందులోంచి అమలాపురం చుట్టుపక్కల ఎన్ని కాపీలు వెళ్లాయో ఆయనకే ఎరుక. వెనక అట్ట మీద స్కెచ్‌పెన్నుతో 'హిందీ ప్రైవేట్ – అలీ' అని రాసుకున్నాడు.

బాబాయ్‌కి ఇంకో అలవాటుంది. క్యాసెట్ చివర ఖాళీ మిగిలితే ఊరికే వదిలెయ్యడానికి ఆయనకి మనసొప్పేది కాదు. తనకి నచ్చిన తెలుగు డ్యూయెట్ ఒకటి అడక్కుండానే ఎక్కించేవాడు. మా 'సునో' కూడా అలాగే ముగిసేది. చివరి పాట గిటారు అలా సన్నగిల్లి ఆగిపోగానే, టక్‌మని ఒక శబ్దం, ఆ వెంటనే బాలుగారు, చిత్రగారు వానలో మొదలుపెట్టేవారు. ఇప్పుడు ఫోన్లో ఆ ఆల్బమ్ వింటే చివర్న ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

1998లో 'సిఫర్' వచ్చింది. అప్పటికి నేను కాకినాడలో చదువుకుంటున్నాను. హాస్టల్లో ఒక్కడికైనా గిటారు ఉండే కాలం, అది ఉన్నవాడికి తీగల మీద మూడు పట్లు (కార్డ్స్) రావడం, ఆ మూడింటితో లక్కీ అలీ పాట ఏదో ఒకటి గట్టెక్కడం. ఘంటసాల పాట ఎత్తుకుంటే రెండో చరణానికి ఎవడి బండారం వాడికి తెలిసిపోతుంది. ఈయన పాటలు అలా కాదు, గొంతు లేనివాళ్లని కూడా చేరదీశాయి. నేను కూడా పాడాను. ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

2000 సంక్రాంతి రోజుల్లో 'కహో నా ప్యార్ హై' విడుదలైంది. హృతిక్ రోషన్ మొదటి సినిమా, రాజేశ్ రోషన్ సంగీతం, లక్కీ అలీ రెండు పాటలు పాడాడు. ఒక దానికి ఫిల్మ్‌ఫేర్ అవార్డు కూడా వచ్చింది. దేశం దేశమంతా ఊగిపోయింది. మా ఊళ్లో ఇన్నాళ్లూ జవాబు లేకుండా ఉన్న ప్రశ్నకి జవాబు దొరికింది. "ఓహో, హృతిక్ పాటలు పాడినాయనా! అలా చెప్పు మరి" అన్నారు అందరూ. నాకు సంతోషించాలో ఏడవాలో తెలీలేదు. నాలుగేళ్లుగా మా అరుగు మీద మోగినవాడికి ఇప్పుడు హీరో పేరుతో చిరునామా వచ్చింది.

అంత హిట్ వచ్చాక ఇంకొకరైతే ఏడాదికి వంద పాటలు పాడేవారు. ఈయన వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పాడాడు. 2002లో రెండు సినిమాల్లో నటించాడు. అందులో 'సుర్' నాకు ప్రత్యేకం, ఎందుకంటే దానికి సంగీతం ఎం.ఎం.క్రీమ్, అంటే మన కీరవాణిగారు. గోదావరి గట్టున కొవ్వూరులో పుట్టినాయన. పాటలు నిదా ఫాజ్లీ రాశారు. ఒక్కరోజు కూడా సంగీతం మాస్టారి ముందు కూర్చోని మనిషి ఆ సినిమాలో సంగీతం మాస్టారి వేషం వేశాడు. తండ్రి 'పడోసన్'లో పిలక మాస్టారు, కొడుకు ఇందులో గడ్డం మాస్టారు. ఈ ముక్క చెప్తే నాన్నగారు చాలాసేపు నవ్వారు.

ఆ పాటల్లో కీరవాణిగారు చేసిన పని నాకు చాలా ఇష్టం. ఆయన పాటల్లో మామూలుగా ఎక్కడం దిగడం బాగా ఉంటుంది, పాడేవాళ్లకి పరీక్షే. ఇక్కడ మాత్రం లక్కీ అలీ గొంతు ఎంత దూరం వెళ్లగలదో చూసుకుని, ఆ మేరకే బాట పరిచి, ఎత్తులన్నీ పక్కనున్న గొంతుకీ వాద్యాలకీ అప్పగించారు. ఈయన పాటికి ఈయన నడుచుకుంటూ వెళ్లిపోతాడు. మనవాడని చెప్పడం కాదు గానీ, హిందీ సినిమాలో లక్కీ అలీని లక్కీ అలీగా ఉండనిచ్చినవాళ్లలో ఆయనే ముందు.

ఆ తర్వాత కాలం మారిపోయింది. ఎంపీత్రీ సీడీలొచ్చాయి. అమలాపురం పేవ్‌మెంట్ల మీద ఒక్క సీడీలో నూటయాభై పాటలు ముప్ఫై రూపాయలకి అమ్మేవారు. మ్యూజిక్ చానెళ్లు కూడా సినిమా పాటలకే దిగిపోయాయి, ప్రైవేటు ఆల్బమ్‌కి టీవీలో చోటు లేదు, కొట్లోనూ చోటు లేదు. బాబాయ్ కొన్నాళ్లు సీడీలు రాసిచ్చి, తర్వాత సెల్‌ఫోన్ రీచార్జిలు పెట్టి, చివరికి కొట్టు ఇచ్చేశాడు.

లక్కీ అలీ ఆల్బమ్‌లు 2004లో ఒకటి, 2009లో ఒకటి, 2011లో 'రాస్తా' అని ఒకటి వచ్చాయి. నిజం చెప్పాలంటే 'రాస్తా' నాకు పెద్దగా ఎక్కలేదు. ఆ తొందరలేనితనమే కొన్ని చోట్ల బద్ధకంగా వినిపించింది. మధ్యలో సినిమాల్లో ఒకటీ అరా పాడేవాడు. 2015లో 'తమాషా'లో రెహమాన్ ఆయనతో ఒక ప్రయాణం పాట పాడించాడు. ప్రయాణం పాట కాక ఇంకేం ఇస్తారు ఆయనకి! ఆ తర్వాత బొంబాయి సినిమా తనకి సరిపడదని చెప్పేసి బెంగళూరు దగ్గర పొలంలో ఉండిపోయాడు. పత్రికలవాళ్లు 'కనుమరుగైన గాయకుడు' అని రాసేవారు. వ్యవసాయం చేసుకునేవాణ్ని కనుమరుగయ్యాడనడం ఏమిటో! మా వైపు సగం మంది అలా కనుమరుగయ్యే బతుకుతున్నారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒకసారి ఆయన కచేరీకి వెళ్లాను. చెప్పిన టైముకి మొదలవలేదు. వచ్చాక కూడా గిటారు సరిచేసుకుంటూ, పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ, మంచినీళ్లు తాగుతూ కాసేపు గడిపాడు. మనిషి సన్నగా, నెత్తిన టోపీతో ఉన్నాడు. జనం ఆ ఒక్క పాట కోసం అరుస్తూనే ఉన్నారు. ఆయన వింటున్నట్టు చెయ్యూపి వేరే పాటలు పాడాడు. చివరికి ఆ పాట గిటారు మొదలవగానే నా చుట్టూ ఉన్న కుర్రాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. ఎవరికీ పాతికేళ్లు ఉండవు, మా తోట పడిపోయినప్పటికి పుట్టి కూడా ఉండరు. మాటలన్నీ నోటికొచ్చు వాళ్లకి. రెండో చరణం ఆయన మైకు దూరంగా జరిపి వాళ్ల చేతే పాడించాడు. హాలంతా ముక్కుతో పాడింది.

2020 చివర్లో, కరోనా రోజుల్లో, ఆయన ఒక్కడే కూర్చుని గిటారు మీద అదే పాట పాడిన వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. గడ్డం తెల్లబడింది, గొంతు ఇంకా బొంగురుపోయింది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో పెడితే పిన్ని "పాపం ఎంత ముసలాడైపోయాడో" అని రాసింది. ఆ వీడియో నాన్నగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఆసాంతం చూసి, "వాళ్ల నాన్న అంత అందగాడు కాదు గానీ, గొంతు మాత్రం వీడిదే నయం" అన్నారు. మహమూద్ 2004లోనే పోయాడని చెప్తే, "అవునా, నాకెవరూ చెప్పలేదే" అని దగ్గరివాళ్లు పోయినట్టు కాసేపు బాధపడ్డారు.

ఇప్పుడు మా వైపు కుర్రాళ్లు కూడా సొంత పాటలు చేసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. రాజోలు నుంచి, భీమవరం నుంచి, రామచంద్రపురం నుంచి. సినిమా అవకాశం కోసం చూడరు, కంప్యూటర్లోనే డ్రమ్ములు, గిటారు, సన్నాయి అన్నీ కలిపేస్తారు. కొన్ని వింటే నిజంగా ముచ్చటేస్తుంది. నాకున్న పేచీ ఒకటే. ప్రతి పాటకీ డ్రోను ఎగరేసి అదే కాలవ, అదే వరిచేను, అదే కొబ్బరితోట పైనుంచి చూపిస్తారు. మా కాలవ పైనుంచి చూస్తే ఏముంటుంది, గట్టు మీద కూర్చుని చూడాలి గానీ. అందులో ఒక కుర్రాడు మాత్రం పంటు పడవ మీద గోదావరి దాటుతూ, ఇంజను మోత తీసెయ్యకుండా అలాగే ఉంచి, ఆ మోత మీదే పాట పాడాడు. వాడికి లక్కీ అలీ ఎవరో తెలుసో లేదో గానీ, తొందర లేకపోవడం మాత్రం తెలుసు.

అన్నయ్యకి ఆ లింకు పంపితే విని, బాగుందన్నాడు. ఆ వెంటనే పాత పంచాయితీ మొదలైంది. తన లెక్కలో 'సిఫర్' ముందు ఎవరూ నిలబడరు, నా లెక్కలో 'సునో' తర్వాతే ఏదైనా. రిటైరయ్యాక అన్నయ్యకి వాదించడానికి బోలెడు టైము దొరుకుతోంది. ఈ సంక్రాంతికి ఇంటికి వస్తాడట, రెండూ వరసగా పెట్టుకుని విని తేల్చేద్దాం అన్నాడు. తేలదని ఇద్దరికీ తెలుసు. పైగా అన్నయ్య సంగతి నేనెరుగుదును, తన ఆల్బమ్ వంతు రాగానే వాల్యూమ్ పెంచుతాడు.